ఫ్యాక్టరీ ఆర్డర్ల లెక్కలను చదవడం ఎలా

ఒక కర్మాగారం కొత్త లేత్ యంత్రానికి ఆర్డరు పెట్టిందంటే, ముందుముందు తన సరుకుకు గిరాకీ ఉంటుందని నమ్మి డబ్బు బయటికి తీస్తోందని అర్థం. ఆ యంత్రం చేతికి రావడానికి నెలలు పట్టవచ్చు; ఈలోగా దాన్ని తయారుచేసేవారు ఉక్కు, మోటార్లు, బేరింగులు కొనాలి, అవసరమైతే అదనపు షిఫ్టు నడపాలి. ఉత్పత్తి లెక్కలు జరిగిన పనిని చెబితే, ఆర్డర్లు జరగబోయే పనిని చెబుతాయి.

అమెరికా సెన్సస్ బ్యూరో ప్రతి నెలా ముందుగా మూడేళ్లు, ఆపైన మన్నే వస్తువుల ఆర్డర్లను, సుమారు వారం తర్వాత మొత్తం ఫ్యాక్టరీ ఆర్డర్లను ప్రకటిస్తుంది. వార్తల్లోకెక్కే మొత్తం అంకె దగ్గరే ఆగిపోవద్దు. ఒక విమానయాన సంస్థ ఒకేసారి వంద విమానాలు అడిగితే ఆ అంకె ఎగసి, మరుసటి నెల కుప్పకూలుతుంది. విమానాల తయారీ మాత్రం ఏళ్ల తరబడి సాగుతూనే ఉంటుంది. అందుకే రక్షణ సామగ్రినీ విమానాలనూ మినహాయించిన మూలధన వస్తువుల (ఇతర సరుకుల తయారీకి, వ్యాపారానికి వాడే యంత్రాలు, పరికరాలు) వరుసను వెతికి పట్టుకోండి. వ్యాపార సంస్థలు పెట్టుబడికి ఎంత సిద్ధంగా ఉన్నాయో తేటగా చూపేది అదే కనుక, పట్టిక మొత్తంలో దానికే నేను ఎక్కువ విలువ ఇస్తాను. జపాన్‌లోనూ నౌకలను, విద్యుత్ సంస్థలను పక్కన పెట్టి ప్రైవేటు రంగ యంత్రాల ఆర్డర్లను చూస్తారు.

తర్వాత ధరల సంగతి. అమెరికా అంకెల్లో ధరల పెరుగుదలను తీసివేయరు. ఏడాదిలో ఆర్డర్ల విలువ 5 శాతం, ఆ వస్తువుల ధరలు 6 శాతం పెరిగి ఉంటే, అడిగిన సరుకు నిజానికి తగ్గినట్టే. జర్మనీ గణాంక కార్యాలయం ధరల ప్రభావం తీసేసిన సూచీతో పాటు, భారీ ఆర్డర్లను మినహాయించిన అంకెను కూడా ఇస్తుంది.

ఆర్డర్లను ఒంటరిగా చదవకండి. కొత్త ఆర్డర్లు తగ్గుతున్నా సరుకు రవాణా నిలకడగా ఉంటే, కర్మాగారాలు పాత ఆర్డర్ల మీద బండి నడుపుతున్నాయి. గోదాముల్లో నిల్వలు కూడా పెరుగుతుంటే ఉత్పత్తికి కోత దగ్గరలోనే ఉందని అనుమానించాలి. పెండింగు ఆర్డర్లు పేరుకుపోవడం మాత్రం ప్రతిసారీ శుభసూచకమే కానక్కర్లేదు: 2021లో చిప్‌ల కొరత వచ్చినప్పటిలా, విడిభాగాలు దొరక్క కూడా అవి పేరుకుపోతాయి.

పీఎంఐ (కంపెనీల కొనుగోలు మేనేజర్లను అడిగి నెలనెలా రూపొందించే సూచీ)లోని కొత్త ఆర్డర్ల సూచీ ఇంకా ముందుగా అందుతుంది. వందమంది మేనేజర్లలో 30 మంది పెరిగాయని, 50 మంది మారలేదని, 20 మంది తగ్గాయని చెబితే, 30కి 50లో సగం కలిపి సూచీ 55 అవుతుంది. 50 దాటితే విస్తరణ. అయితే పెరుగుదల ఎంతమందికి అందిందో అది చెబుతుంది గాని, ఎంత పెరిగిందో చెప్పదు.

నెలవారీ అంకెలను తర్వాత సవరిస్తారు కాబట్టి మూడు నెలల సగటు తీసుకోండి. సగటు పడిపోయినా వెంటనే మాంద్యమని తేల్చేయవద్దు. 2015-16లో చమురు ధరలు పడి అమెరికా కర్మాగారాల ఆర్డర్లు తగ్గినా, సేవల రంగం, ఉద్యోగాలు నిలబడడంతో మాంద్యం రాలేదు.