మన సొంత లైవ్ లినక్స్ – 3వ పాఠం: సరుకుల చీటీ రాద్దాం

కిందటి పాఠంలో ఒక లైవ్ పెన్‌డ్రైవ్‌ను (హార్డ్‌డిస్కులో ఏమీ స్థాపించకుండా నేరుగా లినక్స్‌ను నడిపేది) తెరిచి లోపల ఏముందో చూశాం. అందులో ముఖ్యమైన ఫైళ్లు మూడే. వ్యవస్థకు గుండె వంటి కెర్నెల్, అది లేచేటప్పుడు తోడుగా వచ్చే చిన్న తాత్కాలిక వ్యవస్థ ఇనిట్‌ఆర్‌డీ, మొత్తం వ్యవస్థను కుదించి దాచిన స్క్వాష్‌ఎఫ్‌ఎస్ ఫైలు. ఆ మూడోది అచ్చయిన పుస్తకం వంటిది. చదవగలం కానీ దిద్దలేం. దాని మీద ఓవర్‌లే అనే గాజు పలక పరుచుకుంటుంది. మనం చేసే మార్పులన్నీ ఆ పలక మీదే, అంటే ర్యామ్‌లోనే పడతాయి. కంప్యూటర్ ఆపగానే చెరిగిపోతాయి.

ఈ పాఠంలో ఆ పుస్తకాన్ని మనమే అచ్చు వేస్తాం.

అందుకు రెండు దారులున్నాయి. ఎవరో తయారుచేసిన ఐఎస్‌ఓను (మొత్తం సీడీని ఒకే ఫైలుగా మార్చినది) విప్పి, లోపలికి వెళ్లి, కావలసినవి చేర్చి, అక్కరలేనివి తీసేసి, మళ్లీ మూట కట్టడం మొదటిది. క్లాస్ నాపర్ 2000లో జర్మనీ నుంచి నాపిక్స్ అనే లైవ్ సీడీని విడుదల చేసిన తరువాత చాలామంది ఈ దారిలోనే నడిచారు. 700 మెగాబైట్ల సీడీలో దాదాపు రెండు గిగాబైట్ల సాఫ్ట్‌వేర్‌ను కుదించి పెట్టిన ఆ సీడీని విప్పి, తమకు తగినట్టు మార్చుకుని, మళ్లీ సీడీ రాసుకునేవారు. దీన్నే రీమాస్టరింగ్ అంటారు.

నేనూ అలాగే మొదలుపెట్టాను. ఒక పల్లెటూరి బడిలో మూలనపడిన పాత కంప్యూటర్ల కోసం ఒక ఐఎస్‌ఓ తయారుచేశాను. బాగానే నడిచింది. ఏడాది తరువాత కొత్త భద్రతా సవరణలతో మళ్లీ తయారుచేద్దామని కూర్చుంటే, అప్పుడు ఏయే ప్యాకేజీలు చేర్చానో, ఏ ఫైలులో ఏ పంక్తి మార్చానో ఒక్కటీ గుర్తులేదు. పని మొత్తం మొదటి నుంచి చేయవలసి వచ్చింది. అందుకే ఈ పాఠాల్లో రెండో దారినే నేర్పుతున్నాను. ఏమేమి కావాలో చిన్న చిన్న ఫైళ్లలో రాసిపెడతాం, వాటిని చూసి ఐఎస్‌ఓను వండే పని లైవ్-బిల్డ్ అనే పనిముట్టుకు అప్పగిస్తాం. ఐఎస్‌ఓ పోయినా బాధలేదు, చీటీ ఉంటే చాలు, మళ్లీ వండుకోవచ్చు.

ముందుగా ఒక నిర్ణయం తీసుకోవాలి. మన పునాదిగా వాడే డెబియన్ అనే లినక్స్ 13వ వెర్షన్ 2025 ఆగస్టులో వచ్చింది. అందులో 32 బిట్ల పాత పీసీలకు కెర్నెల్ లేదు. మీ బడిలోనో ఇంట్లోనో అలాంటి యంత్రాలు ఉంటే 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 ఎంచుకోండి. సందేహం ఉంటే ఆ కంప్యూటర్‌ను ఏదైనా 32 బిట్ల లైవ్ లినక్స్‌తో తెరిచి, టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌సీపీయూ అని కొట్టి, పైనున్న పంక్తులు చదవండి. 32, 64 రెండూ కనిపిస్తే 13 నిశ్చింతగా పెట్టుకోవచ్చు. 32 ఒక్కటే కనిపిస్తే 12 తప్ప మార్గం లేదు. ఇక్కడి ఆదేశాలను పలికే తీరులో రాస్తున్నాను. మీరు మాత్రం ఇంగ్లిషు చిన్న అక్షరాల్లో టైపు చేయాలి.

పని చేసే కంప్యూటర్‌లో డెబియన్ ఉండాలి, కనీసం 20 గిగాబైట్ల ఖాళీ ఉంచుకోండి. ప్యాకేజీలను దించి స్థాపించే ఏప్ట్‌తో లైవ్-బిల్డ్ ప్యాకేజీని స్థాపించండి. బడి అనే పేరుతో ఒక ఫోల్డర్ చేసి, అందులోకి వెళ్లి, సుడోతో (అంటే నిర్వాహకుడి అధికారంతో) ఎల్‌బి కాన్ఫిగ్ ఆదేశం ఇవ్వండి. దాని వెంట రెండు ఐచ్ఛికాలు చేర్చాలి. ఒకటి డిస్ట్రిబ్యూషన్: డెబియన్ 12కు బుక్‌వార్మ్, 13కు ట్రిక్సీ. రెండోది ఆర్కైవ్-ఏరియాస్: ఇందులో మెయిన్‌తో పాటు నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్ కూడా రాయండి. చాలా వైఫై కార్డులకు కావలసిన ఫర్మ్‌వేర్ (ఆ పరికరాన్ని నడిపే చిన్న ప్రోగ్రామ్) డెబియన్ 12 నుంచి ఆ విభాగంలోనే ఉంటోంది. 32 బిట్ల యంత్రాల కోసమైతే ఆర్కిటెక్చర్స్ అనే మూడో ఐచ్ఛికానికి ఐ386 అని ఇవ్వాలి. ప్రతి ఐచ్ఛికానికి ముందు రెండు అడ్డగీతలు మరువకండి.

ఎంటర్ కొట్టగానే కాన్ఫిగ్ అనే ఫోల్డర్ పుడుతుంది. ఇక మన పనంతా దానిలోనే.

అందులో ప్యాకేజ్-లిస్ట్స్ అనే ఫోల్డర్ ఉంటుంది. లైవ్ పేరుతో ఒక జాబితా అక్కడ ముందే ఉంటే దాన్ని ముట్టుకోవద్దు, అది లేకపోతే పెన్‌డ్రైవ్ లేవదు. దాని పక్కన బడి.లిస్ట్.సీహెచ్‌రూట్ అనే కొత్త ఫైలు తెరవండి. చివరి మాట స్పెల్లింగ్ సి, హెచ్, ఆర్, ఓ, ఓ, టి. ఇదే మన సరుకుల చీటీ. కిరాణా కొట్టుకు పంపే చీటీలాగే పంక్తికొక సరుకు రాయాలి: టాస్క్-ఎల్‌ఎక్స్‌డీఈ-డెస్క్‌టాప్, ఫైర్‌ఫాక్స్-ఈఎస్‌ఆర్, లిబ్రెఆఫీస్-రైటర్, జీకాంప్రిస్-క్యూటీ. పాత కంప్యూటర్లకు ఎల్‌ఎక్స్‌డీఈ డెస్క్‌టాప్ తేలికగా ఉంటుంది కనుక దాన్ని ఎంచుకున్నాను. జీకాంప్రిస్ చిన్నపిల్లల ఆటపాటల పెట్టె, మా బడిలో పిల్లలు ముందుగా పరుగెత్తేది దాని దగ్గరికే.

ఇప్పుడు తెలుగు సంగతి. నేను తయారుచేసిన మొదటి పెన్‌డ్రైవ్‌ను బడిలో పెట్టి చూపిస్తుంటే, డెస్క్‌టాప్ చక్కగా వచ్చింది, బ్రౌజర్ తెరుచుకుంది. తెలుగు మాస్టారు తన వద్ద ఉన్న సుమతీ శతకం ఫైలు తెరిచారు. తెర నిండా వరుసగా ఖాళీ పెట్టెలే. అక్షరం ఉండవలసిన ప్రతిచోటా ఒక చిన్న గడి, మధ్య మధ్య ఇంగ్లిషు అంకెలు. ఆయన కళ్లద్దాలు సర్దుకుని మళ్లీ చూశారు. ఫైలు పాడైందేమోనని కంగారుపడ్డారు. ఫైలు బాగానే ఉంది, చీటీలో తెలుగు ఫాంట్లు రాయడం నేను మరిచిపోయాను. ఆ రోజు నుంచి నా ప్రతి చీటీలో మొదటి రెండు పంక్తులు ఇవే: ఫాంట్స్-తెలు, ఐబస్-ఎం17ఎన్. మొదటి దానిలో తెలు అని నాలుగే ఇంగ్లిషు అక్షరాలు, జి, యు ఉండవు. రెండోది టైపు చేయడానికి. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అలవాటున్నవారికీ, ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు కొట్టేవారికీ దానిలోనే పద్ధతులున్నాయి.

పాఠాల ఫైళ్లు, పద్యాలు, బొమ్మలు ముందే పెట్టి ఇవ్వాలంటే కాన్ఫిగ్‌లోనే ఇన్‌క్లూడ్స్.సీహెచ్‌రూట్ అనే చోటు ఉంది. దానిలో ఏ ఫోల్డర్ల వరుసలో ఏ ఫైలు పెడితే, తయారైన వ్యవస్థలో అదే చోట అది కనిపిస్తుంది. అక్కడ ఈటీసీ, దానిలో స్కెల్ అనే ఫోల్డర్లు చేసి అందులో పెట్టండి. పెన్‌డ్రైవ్ లేచిన ప్రతిసారీ కొత్త వాడుకరి ఖాతా పుడుతుంది, స్కెల్‌లో ఉన్నవన్నీ అతని ఇంటి ఫోల్డర్‌లోకి నకలు అవుతాయి. పిల్లలు ఏది చెరిపినా మరునాటికి మళ్లీ సిద్ధం. బడికి ఇంతకంటే మంచి ఏర్పాటు నాకు తెలియదు.

ఇక సుడోతో ఎల్‌బి బిల్డ్. నెట్ వేగాన్ని బట్టి చాలాసేపు పట్టవచ్చు. అన్నీ సరిగా ఉంటే లైవ్-ఇమేజ్‌తో మొదలై హైబ్రిడ్.ఐఎస్‌ఓతో ముగిసే ఫైలు దొరుకుతుంది. చీటీ మార్చి మళ్లీ వండాలంటే ముందు ఎల్‌బి క్లీన్ ఇవ్వండి. దించుకున్న ప్యాకేజీలు అది చెరపదు, కాబట్టి రెండోసారి పని త్వరగా అవుతుంది.

హైబ్రిడ్ అనే మాట దగ్గర ఒక్క క్షణం ఆగుదాం, ఎందుకంటే నాకు ఈ మొత్తం విద్యలో అతి ఇష్టమైన చమత్కారం ఇదే. సీడీల కోసం 1988లో ఐఎస్‌ఓ 9660 ప్రమాణం వచ్చింది. సీడీలో మొదటి 16 సెక్టార్లు, ఒక్కొక్కటి 2,048 బైట్లు, మొత్తం 32,768 బైట్లు అది వాడుకోకుండా వదిలేసింది. సీడీ నుంచి కంప్యూటర్ ఎలా లేవాలో 1995లో ఎల్ టొరీటో అనే ప్రమాణం నిర్దేశించింది, దాని ఆనవాలు ఆ ఖాళీ తరువాతే ఉంటుంది. డిస్కు నుంచి లేవాలంటే మాత్రం పాత కంప్యూటర్లను మొదట మేల్కొలిపే బయోస్ మొట్టమొదటి 512 బైట్లలోనే వెతుకుతుంది. ఆ 512 బైట్లను సీడీ ప్రమాణం వదిలేసిన ఖాళీలో కూర్చోబెట్టారు. అందుకే ఒకే ఫైలు సీడీ మీద రాస్తే సీడీగా, పెన్‌డ్రైవ్ మీద రాస్తే డిస్కుగా లేస్తుంది.

పెన్‌డ్రైవ్ మీద రాసేటప్పుడు తొందరపడవద్దు. పెన్‌డ్రైవ్ పెట్టకముందు ఒకసారి, పెట్టాక ఒకసారి ఎల్‌ఎస్‌బీఎల్‌కే కొట్టండి. రెండోసారి కొత్తగా కనిపించినదే మీ పెన్‌డ్రైవ్. దాని పరిమాణం కూడా సరిపోల్చండి. ఉదాహరణకు అది ఎస్‌డీసీ అనుకుందాం. ఆదేశం: సుడో డీడీ, ఐఎఫ్= తరువాత ఐఎస్‌ఓ ఫైలు పేరు, ఓఎఫ్= తరువాత /డెవ్/ఎస్‌డీసీ, ఆపైన బీఎస్=4ఎం, స్టేటస్=ప్రోగ్రెస్, కాన్వ్=ఎఫ్‌సింక్. చివరి దానికి స్పెల్లింగ్ సి, ఓ, ఎన్, వి. ఎస్‌డీసీ పక్కన 1 అంకె పెట్టకూడదు. మనం రాసేది మొత్తం డిస్కు మీద, ఒక భాగం మీద కాదు. డీడీ మళ్లీ అడగదు, మీరు చూపిన డిస్కు మీద ఉన్నదంతా పోతుంది. ఎంటర్ కొట్టే ముందు ఓఎఫ్ తరువాతి పేరును వేలు పెట్టి చదవడం నా అలవాటు.

అభ్యాసం: పైన చెప్పిన చీటీతో ఒక పెన్‌డ్రైవ్ తయారుచేయండి. దానితో కంప్యూటర్ తెరిచి, ఐబస్‌లో తెలుగు చేర్చుకుని, మీ ఊరి పేరు టైపు చేసి ఇంటి ఫోల్డర్‌లో భద్రపరచండి. కంప్యూటర్ ఆపి మళ్లీ తెరవండి. ఆ ఫైలు ఉండదు. పెన్‌డ్రైవ్‌లో మిగిలిన ఖాళీలో పెర్సిస్టెన్స్ అనే భాగం చేసి, దాన్ని ఉండేలా చేయడం 4వ పాఠం.