గుమ్మడి సోడా: పొంగకపోతే, పొంగిపోతే

అమెరికాలో శరత్కాలం రాగానే గుమ్మడి, దాల్చినచెక్క వేసి ఇంట్లోనే బీరు కాచుకునేవారున్నారు. మన రాష్ట్రంలో లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం ఎక్సైజ్ చట్టం ప్రకారం నేరం. అందుకే ఇక్కడ చెబుతున్నది ఆ రుచికి దగ్గరగా వచ్చే, పులియబెట్టి చేసే సోడా సంగతి. అయితే వాళ్ల కొలతలు, గడువులు 20 డిగ్రీల గదులకు రాసినవి. పైడితల్లి సిరిమానోత్సవం వచ్చేసరికి కూడా విజయనగరంలో పగలు 30 డిగ్రీలు దాటుతుంది. వాళ్లకు వారం పట్టేది మనకు రెండు రోజుల్లో అయిపోతుంది. తంటాల్లో సగం అక్కడే పుడతాయి.

రెండు లీటర్లకు అరకిలో పండిన గుమ్మడి ముక్కలు, 200 గ్రాముల బెల్లం, చిన్న దాల్చినచెక్క ముక్క, రెండు లవంగాలు, అరకప్పు అల్లం తోడు సరిపోతాయి. తోడంటే, గ్లాసుడు నీటిలో రోజూ చెంచాడు అల్లం తురుము, చెంచాడు పంచదార వేస్తూ నురగ కట్టేదాకా పులియబెట్టినది.

బుడగలు రావడం లేదు

ముందుగా తోడునే అనుమానించండి. అల్లం తొక్క తీసేస్తే దానిమీద ఉండే ఈస్ట్ (పులియబెట్టే సూక్ష్మజీవి) కూడా పోతుంది. కడిగి, తొక్కతోనే తురమాలి. కుళాయి నీటిలోని క్లోరిన్ తోడును నీరసింపజేస్తుంది కాబట్టి కాచి చల్లార్చిన నీళ్లు వాడండి. రసం (గుమ్మడి ముక్కలు మరిగించి వడకట్టిన నీరు) వేడిగా ఉండగా తోడు కలిపితే ఈస్ట్ చచ్చిపోతుంది. ఇవేవీ కాకపోతే లవంగాలు ఎన్ని వేశారో గుర్తు తెచ్చుకోండి. లవంగ నూనె సూక్ష్మజీవులను అణిచేస్తుంది, బిర్యానీకి వేసే లెక్క ఇక్కడ పనికిరాదు. మసాలాలను రసంతో మరిగించి, చల్లారాక తీసేసి, నురగ మీదున్న కొత్త తోడు కలపండి.

సీసా పేలింది, లేదా మూత తీయగానే సగం సోడా గోడ మీదికి పోయింది

అన్నిటికంటే ప్రమాదం ఇదే. మూత బిగించాక కూడా ఈస్ట్ బెల్లాన్ని తింటూ గ్యాస్ వదులుతూనే ఉంటుంది. పచ్చళ్ల గాజు సీసాలు ఆ ఒత్తిడికి ఆగవు. ఖాళీ ప్లాస్టిక్ సోడా సీసాలో పోసి, పైన నాలుగు వేళ్ల జాగా వదలండి. పూటపూటా నొక్కి చూడండి. గట్టిపడిందంటే తయారైనట్టే, వెంటనే ఫ్రిజ్‌లో పెట్టేయండి. గడియారం కంటే మీ బొటనవేలే నమ్మకం.

ఫ్రిజ్ పులియడాన్ని నెమ్మదింపజేస్తుందే తప్ప ఆపదు. పైగా గుమ్మళ్ల కాలమే మనకు తుపానుల కాలం. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు పొద్దున, సాయంత్రం మూత కొంచెం వదులు చేసి గ్యాస్ పోనివ్వండి, లేదా ఆ రోజే తాగేయండి. బయట ఎక్కువ రోజులుంటే తీపి తగ్గి మద్యం పెరుగుతుంది. త్వరగా తాగినా కొద్దిపాటి మద్యం ఉంటుంది కనుక పిల్లలకు ఇవ్వకండి.

అడుగున మడ్డి, గంజిలా చిక్కదనం

ఇది గుమ్మడిలోని పిండిపదార్థం పని. బీరులోనైతే మొలకెత్తిన బార్లీలోని ఎంజైములు పిండిని చక్కెరగా మారుస్తాయి. మన సోడాలో అవి లేవు, ఈస్ట్ నేరుగా పిండిని తినలేదు. కాబట్టి గుమ్మడిని మెత్తగా మెదిపి కలపకండి. ముక్కలను కాల్చి, నీటిలో మరిగించి, పలచటి గుడ్డలో మూటకట్టి వేలాడదీయండి. తొందరపడి పిండితే పిండంతా రసంలోకే దిగుతుంది. ఇప్పటికే చిక్కబడి ఉంటే రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి పైతేట వంచుకోండి.

తీగలా సాగుతోంది

బెల్లంలోని కొన్ని బ్యాక్టీరియా చక్కెరను జిగురుగా మారుస్తాయి. ఈ విడత పారబోసి, మళ్లీ చేసేటప్పుడు బెల్లాన్ని నీటిలో బాగా మరిగించి వడకట్టండి.

పైన పొర కట్టింది, పుల్లటి ఘాటు వస్తోంది

తెల్లగా, పలచగా, ముడతలుగా ఉంటే తీసేయవచ్చు. నూగుతో పచ్చగానో నల్లగానో ఉంటే బూజు, మొత్తం పారబోయాల్సిందే. వెనిగర్ వాసనకు కారణం గాలి, పండ్ల మీద ముసిరే చిన్న ఈగలు. తోడు గిన్నెకు దట్టమైన గుడ్డ బిగించి కట్టండి.

చేదు

లవంగం ఎక్కువైతే వచ్చే చేదు వేరు, కాయలోనే ఉండే చేదు వేరు. కోయగానే చిన్న పచ్చి ముక్క నాలుకకు తగిలించి ఉమ్మేయండి. చేదుగా ఉంటే అందులో కుకుర్బిటాసిన్ అనే విషపదార్థం ఉన్నట్టే. అది వాంతులు, విరేచనాలు తెప్పిస్తుంది, మరిగించినా పోదు. ఆ కాయ సోడాకే కాదు, పులుసుకూ వద్దు.