పిల్లవాడిని పోలీసులు తీసుకెళ్తే: జువెనైల్ బోర్డులో బెయిల్‌కి దరఖాస్తు చేసే విధానం

కొడుకుని స్టేషన్‌కి తీసుకెళ్లారని ఫోన్ రాగానే ఇంట్లో వాళ్లకి కాళ్లూ చేతులూ ఆడవు. తెలిసిన వాళ్లందరికీ ఫోన్లు చేస్తారు, అప్పు చేసి డబ్బు పట్టుకుని స్టేషన్ బయట నిలబడతారు. ఆ టెన్షన్‌లో అసలు పని వెనకబడిపోతుంది. పిల్లవాడి పుట్టిన తేదీ ఉన్న బడి కాగితం వెతకడమే ఆ పని.

నేరం జరిగిందంటున్న రోజుకి పద్దెనిమిదేళ్లు నిండకపోతే ఆ పిల్లవాడిని మామూలు కోర్టుకి కాదు, జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకి తీసుకెళ్లాలి. అక్కడ ఒక మెజిస్ట్రేట్, ఇద్దరు సామాజిక కార్యకర్తలు కూర్చుంటారు. ఆ ఇద్దరిలో ఒక్కరైనా మహిళ అయి ఉండాలి. దారిలో పట్టే సమయం కాకుండా 24 గంటల్లోపు బోర్డు ముందు హాజరుపరచాలి. ఈలోగా లాకప్‌లో పెట్టకూడదు, బేడీలు వేయకూడదు, వాంగ్మూలం మీద సంతకం పెట్టించకూడదు. స్టేషన్‌కి వెళ్లగానే "బాలల సంక్షేమ పోలీసు అధికారి ఎవరండీ?" అని అడగండి. ప్రతి స్టేషన్‌లో ఆ బాధ్యత ఒకరికి అప్పగించి ఉండాలి. గొడవ పడనక్కర్లేదు, ఆ మాట మర్యాదగా అడిగితే మీకు చట్టం తెలుసని అర్థమవుతుంది.

ఇప్పుడు వయసు కాగితం సంగతి. బాలల న్యాయ చట్టం 94వ సెక్షన్ ఒక వరస చెబుతుంది. బడి ఇచ్చిన పుట్టిన తేదీ సర్టిఫికెట్ గానీ పదో తరగతి మెమో గానీ మొదట చూస్తారు. అవి లేకపోతేనే మునిసిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం. అదీ లేకపోతేనే ఎముకల పరీక్ష, దాన్ని బోర్డు ఆదేశించిన 15 రోజుల్లో పూర్తి చేయాలి. ఈ వరసలో ఆధార్ లేదు. చాలామంది ఆధార్ జిరాక్స్ ఒక్కటే పట్టుకుని వస్తారు, అది చాలదు.

మన ఊళ్లలో ఇంకో చిక్కు ఉంది. ఒకటో తరగతిలో చేర్చుకోవాలని పిల్లలకి ఏడాది ఎక్కువేసి రాయించేవాళ్లు. ఆ ఏడాదే ఇప్పుడు పిల్లవాడిని పెద్దవాళ్ల కోర్టుకి పంపేయగలదు. బడి రికార్డుకీ జనన ధ్రువపత్రానికీ తేడా ఉంటే దాచకుండా మొదటి రోజే లాయర్‌కి చెప్పండి. మైనర్ అన్న వాదన ఏ దశలోనైనా, కేసు ముగిశాక కూడా, లేవనెత్తవచ్చని 9వ సెక్షన్ చెబుతోంది. కానీ ఆలస్యమైన ప్రతి రోజూ పిల్లవాడు జైల్లో పెద్దవాళ్ల మధ్య గడిపే రోజు కావచ్చు.

లాయర్‌కి డబ్బు లేదని ఆగిపోకండి. మైనర్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కు. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి.

బెయిల్ దరఖాస్తు బోర్డు పేరునే రాయాలి. లాయర్ వేసినా అందులో ఏముందో మీరు చదివి తెలుసుకోవాలి. సారాంశం ఇలా ఉంటే చాలు:

"గౌరవ జువెనైల్ జస్టిస్ బోర్డు వారికి. ... పోలీస్ స్టేషన్ క్రైమ్ నంబర్ ...లో ఉన్న ... నా కుమారుడు. పుట్టిన తేదీ ..., బడి సర్టిఫికెట్ జతచేశాను. మేము ... లో ఉంటున్నాము, బాబు ... తరగతి చదువుతున్నాడు. 12వ సెక్షన్ కింద బెయిల్ ఇప్పించవలసిందిగా కోరుతున్నాను. పిలిచిన ప్రతిసారీ తీసుకొస్తాను, చదువు కొనసాగిస్తాను."

ఆ చివరి వాక్యం ఊరికే రాసేది కాదు. 12వ సెక్షన్ ప్రకారం బెయిలబుల్ అయినా నాన్‌బెయిలబుల్ అయినా పిల్లలకి బెయిల్ ఇవ్వడమే నియమం, జామీను లేకుండా కూడా ఇవ్వవచ్చు. కాదనడానికి మూడే కారణాలున్నాయి: బయటికొస్తే నేరగాళ్లతో కలుస్తాడని, ప్రమాదంలో పడతాడని, న్యాయానికే విఘాతమని. కాదంటే ఎందుకో రాతపూర్వకంగా చెప్పాలి. కాబట్టి ఇల్లు, బడి, చూసుకునే మనిషి ఉన్నారని చూపించడమే మీ బలం. ప్రొబేషన్ అధికారి ఇంటికొచ్చి వివరాలు అడిగితే ఉన్నదున్నట్టు చెప్పండి, ఆయన నివేదికని బోర్డు చూస్తుంది. బెయిల్ వచ్చినా షరతులు తీర్చలేక ఏడు రోజులైతే పిల్లవాడిని మళ్లీ బోర్డు ముందుకి తేవాలి, షరతులు సడలించమని అడగండి. బెయిల్ రాకపోతే 30 రోజుల్లోపు పిల్లల కోర్టుకి, అంటే పిల్లల కేసులు చూసే సెషన్స్ స్థాయి కోర్టుకి, అప్పీలుకి వెళ్లవచ్చు.

ఒక్క విషయంలో చాలా జాగ్రత్త. కనీస శిక్ష ఏడేళ్లు, అంతకు మించి ఉన్న నేరాల్లో పదహారు నిండిన పిల్లల్ని పెద్దవాళ్లలా విచారించాలా అని బోర్డు ప్రాథమిక మదింపు చేస్తుంది. ఆ రోజు లాయర్ తప్పకుండా ఉండాలి. ఈ నిబంధన 2012 ఢిల్లీ నిర్భయ ఘటన తర్వాత వచ్చిన ఒత్తిడిలో పుట్టింది. బిల్లుని పరిశీలించిన పార్లమెంటు స్థాయీ సంఘం ఈ నిబంధన వద్దని సిఫారసు చేసినా 2015 డిసెంబరులో రాజ్యసభ కూడా బిల్లుని ఆమోదించింది. 2016 జనవరి 15 నుంచి చట్టం అమల్లో ఉంది. నా మట్టుకు నాకు స్థాయీ సంఘం మాటే సబబనిపిస్తుంది.

మీకూ ఇలాంటి అభిప్రాయం ఉంటే లోక్‌సభకి పిటిషన్ పంపవచ్చు. చట్టం మారాలని కోరవచ్చు గానీ కోర్టు పరిధిలో ఉన్న మీ అబ్బాయి కేసు గురించి అందులో రాయకూడదు. తెలుగులో రాస్తే హిందీ లేదా ఇంగ్లీషు అనువాదం జతచేసి దాని మీద సంతకం చేయాలి. సంతకం చేసే ప్రతి ఒక్కరి పూర్తి పేరు, చిరునామా ఉండాలి, రాయడం రానివాళ్లు వేలిముద్ర వేయవచ్చు. మీ ఎంపీ ద్వారా పంపితే ఆయన కూడా సంతకం చేయాలి. వాటిని పరిశీలించేది పదిహేనుమంది సభ్యుల పిటిషన్ల కమిటీ.

కేసు ముగిశాక బోర్డు ఉత్తర్వు నకలు తీసుకుని ఇంట్లో భద్రంగా పెట్టండి. తప్పు చేశాడని తేలినా ఆ కారణంగా ఉద్యోగానికో చదువుకో అనర్హత రాదు, గడువు తీరాక రికార్డు కూడా నాశనం చేయాలి. పదహారు నిండి, పిల్లల కోర్టులో పెద్దవాళ్లలా విచారణ జరిగి నేరం రుజువైన వాళ్లకి మాత్రం ఈ రక్షణ వర్తించదు. పిల్లవాడి పేరు, ఫొటో, బడి పేరు బయటపెట్టడం కూడా నేరమే. పేపర్‌లోనో వాట్సాప్ గ్రూపులోనో అలా వచ్చిందంటే వెంటనే బోర్డుకి రాసివ్వండి.