వెట్టిని గుర్తించడం – 3వ పాఠం: అడగాల్సిన ఒక్క ప్రశ్న

గత పాఠంలో బానిసత్వాన్ని నిషేధించే 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటన 4వ అధికరణం, 1966 నాటి పౌర, రాజకీయ హక్కుల ఒడంబడిక 8వ అధికరణం చదివాం. ఈసారి చదువు తక్కువ, పని ఎక్కువ. వలస వెళ్లినవాళ్లు ఫోన్లో చెప్పే గోడులోంచి చట్టానికి పనికొచ్చే మాటలు ఏరుకోవడం నేర్చుకుందాం.

ముందు కొలబద్ద. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1930లో చేసిన 29వ ఒప్పందం ప్రకారం బలవంతపు చాకిరీకి రెండు గుర్తులు: ఏదో ఒక శిక్ష తప్పదన్న బెదిరింపు, ఆ పనికి మనిషి తనంతట తాను ఒప్పుకోకపోవడం. మన దేశం దీన్ని 1954లో ఆమోదించింది. శిక్ష అంటే కొట్టడమే అనుకోకండి. రావాల్సిన కూలి ఆపేయడం, ఆధార్ కార్డు లాక్కోవడం, పోలీసు కేసు పెడతామనడం కూడా దాని కిందికే వస్తాయి.

ఇప్పుడు ఒక ఊహాచిత్రం. మన శ్రీకాకుళం జిల్లా రణస్థలం వైపు పల్లె నుంచి మొగుడూ పెళ్లాలు అడ్వాన్సు తీసుకుని పొరుగు రాష్ట్రంలో ఇటుక బట్టీకి వెళ్లారు. ఆమె తల్లికి ఫోన్ చేసింది:

"అమా, తెల్లారగట్ల మూడింటికే లేపేత్తన్నారు. తిండి బాగోదు. సిన్నోడికి జొరం. ఉగాదికి వచ్చీద్దుమంటే మేస్త్రీ ఒప్పుకోనేదు. అడ్వాన్సు కట్టీసి కదలండంటన్నాడు. కార్డులు ఆడికాడే ఉన్నాయి. మీ అల్లుడు సరుకులకెల్తే ఎనకాలే మనిషినంపుతన్నాడు."

కొత్తగా అర్జీ రాసేవాళ్లు మొదటి మూడు వాక్యాలతోనే పేజీ నింపేస్తారు. అధికారి అది చదివి మామూలు కూలి తగాదా అనుకుని కార్మిక శాఖకు పంపేస్తాడు. అసలు బలం చివరి నాలుగు వాక్యాల్లో ఉంది: వెళ్లనివ్వకపోవడం, అప్పు అడ్డం పెట్టడం, కార్డులు పట్టుకోవడం, కాపలా. అర్జీలో అవే ముందు రావాలి. జ్వరం, తిండి తర్వాత.

అన్నిసార్లూ ఇవి వాళ్లంతట వాళ్లు చెప్పరు. "మిమ్మల్ని నిర్బంధించారా?" అని అడిగితే "నేదు బాబూ" అంటారు. తలుపుకి తాళం లేదు మరి. పైగా తీసుకున్న డబ్బు ఎగ్గొట్టడం పరువుతక్కువని మనవాళ్ల నమ్మకం. అందుకే ఇలా అడగండి: "రేపు మానేస్తానంటే ఏమవుతాది?" ఆ తర్వాత: కిందటిసారి ఎవరిని అడిగారు, ఏ రోజు, వాడు ఏమన్నాడు? జవాబు వాళ్ల యాసలోనే రాసుకోండి. మీరు సంస్కరించిన గ్రాంథికం కంటే "కట్టీసి కదలండి" అన్న మాటే బలమైన సాక్ష్యం.

"ఇష్టపడే వెళ్లారు కదా?" ఈ ప్రశ్న ఆఫీసులో తప్పకుండా ఎదురవుతుంది. వెళ్లేటప్పుడు ఇష్టం ఉండొచ్చు. దాన్ని వెనక్కి తీసుకునే దారి మూసేశాక అది ఇష్టం కాదు. 1956 నాటి అనుబంధ ఒప్పందం అప్పు చాకిరీని బానిసత్వంతో సమానమైన ఆచారాల్లో చేర్చింది. చేసిన పని విలువ అప్పులో సరిగా జమ కాకపోయినా, ఎన్నాళ్లు ఏ పని చేయాలో హద్దు లేకపోయినా అది వర్తిస్తుంది. మన 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ఇంకో అడుగు వేసింది: వెట్టి అప్పు తీర్చనక్కర్లేదు, అది వెట్టి అప్పు కాదని రుజువు చేసుకోవాల్సిన భారం అప్పిచ్చినవాడిదే. చాలామంది అడ్వాన్సు సంగతి దాచిపెట్టి అర్జీ రాస్తారు. నన్నడిగితే అది చేజేతులా కేసు పాడుచేసుకోవడమే. ఎంత తీసుకున్నారో, ఎవరి చేతి మీదుగానో స్పష్టంగా రాయండి.

కూలి దగ్గర ఒక మెలిక ఉంది. పేదరికం వల్ల తక్కువ కూలికి ఒప్పుకోవడం ఒక్కటే 29వ ఒప్పందానికి చాలదు. కానీ 1982లో ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసులో మన సుప్రీంకోర్టు, కనీస వేతనం కంటే తక్కువిచ్చి చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం కింద బలవంతపు చాకిరీయే అంది. ఆకలి కూడా మెడ మీద కత్తేనని కోర్టు గుర్తించిందన్నమాట. కాబట్టి వెయ్యి ఇటుకలకు ఎంత, చేసేది ఎంతమంది, చివరిసారి లెక్క ఎప్పుడు చూశారు, ఇవి కూడా చేర్చండి.

అర్జీ బట్టీ ఉన్న జిల్లా కలెక్టరుకు వెళ్లాలి. నకలు మన కలెక్టరేటులో సోమవారం అర్జీలు తీసుకునే గ్రీవెన్సులో ఇవ్వండి. ఉచిత న్యాయసాయానికి 15100కి ఫోన్ చేయండి.

అభ్యాసం. ఈ మూడింటిలో బెదిరింపు ఎక్కడుందో, ఎక్కడ లేదో గీత గీయండి. మూడూ కల్పితాలే.

ఎచ్చెర్ల తీరం నుంచి గుజరాత్ బోటెక్కిన కళాసీ (బోటు మీద పనిచేసే కూలీ): "సీజను మజ్జిలో దిగితే ఇప్పటిదాకా సేసిందానికి పైసా రాదంటన్నారు."

పలాసలో జీడిపిక్కలు కొట్టే మనిషి: "కూలి గిట్టక పోయిన్నెల మానీసి ఏరే కాడ సేరినాను."

2018 తిత్లీ తుఫాను తర్వాత రోడ్డు మీద పడిన కొబ్బరిచెట్లు తీయమని ఊరందరినీ పిలిచిన అధికారి. దీనికి 1966 ఒడంబడిక 8వ అధికరణంలోని మినహాయింపులు మళ్లీ చదవాలి. జవాబులు 4వ పాఠంలో.