పెరుగుతుందిలే అని కొనేది కాదు క్వాడ్ బైకు

మా చిన్నప్పుడు దర్జీ దగ్గర అమ్మ ఒకటే మాట చెప్పేది: "పెరిగే పిల్లవాడు, కాస్త వదులుగా కుట్టు." నా నిక్కర్లు రెండేళ్ళపాటు మొలతాడు మీదే నిలబడేవి. చెప్పులూ అంతే, మడమ వెనక రెండు వేళ్ళు పట్టేంత ఖాళీ. అందులో తప్పేమీ లేదు, వదులు నిక్కరు ఎవరి కాలూ విరగ్గొట్టదు. చిక్కల్లా మా బావ అదే లెక్కతో తన కూతురికి క్వాడ్ బైకు, అంటే మోటారు సైకిలులా హ్యాండిల్ ఉండే నాలుగు లావు చక్రాల బండి, కొనబోవడంతో వచ్చింది.

నాది కావలిలో మెకానిక్ షెడ్డు. బావది అల్లూరు వైపు, కొంత వరి, కొన్ని రొయ్యల చెరువులు. పాపకు పదేళ్ళు, 31 కిలోలు. చెన్నైలో ఎవరో అమ్ముతున్న 200 సీసీ బండి ఫొటోలు ఫోనులో చూపించి, "ఇంకో మూడేళ్ళకు సరిగ్గా సరిపోతుంది" అన్నాడు. అప్పటిదాకా ఏం చేస్తుందని అడిగితే, "అప్పటిదాకా మెల్లగా నడుపుతుంది" అన్నాడు. పదేళ్ళ పిల్ల యాక్సిలరేటర్ చేతిలో పెట్టుకుని మెల్లగా నడపడం నేనింతవరకు చూడలేదు.

మా చెల్లెలు మొదటినుంచీ వద్దంటూనే ఉంది. ఆమె మాటకు బలం కూడా ఉంది. అమెరికాలో పిల్లల వైద్యుల సంఘం 16 ఏళ్ళలోపు వాళ్ళకు ఈ బండ్లు అసలు ఇవ్వవద్దనే చెబుతుంది. ఈ సంగతి బావకు చెప్పాకే నేను మిగతా మాట ఎత్తాను. మీరూ ఇంట్లో ముందు ఆ చర్చ తేల్చుకోండి. కొనాలనే తేలితేనే ఈ కిందిదంతా.

దుకాణంలో అందరూ మొదట అడిగేది "ఎన్ని సీసీ?" అని. దానికంటే ముందు అడగాల్సింది వేగం. అమెరికాలో ఒకప్పుడు వాళ్ళూ సీసీ లెక్కే చూశారు. 70 లోపు చిన్నపిల్లలకు, 90 దాకా కాస్త పెద్దవాళ్ళకు అని. తర్వాత దాన్ని పక్కనపెట్టి వయసునుబట్టి వేగానికి హద్దు పెట్టారు. 6 ఏళ్ళు నిండిన పిల్లల బండి ఎంత నొక్కినా గంటకు 24 కిలోమీటర్లు దాటకూడదు, కొత్తగా వచ్చేటప్పుడు 16కే బిగించి ఉండాలి. 10 ఏళ్ళు, 12 ఏళ్ళు నిండినవారి బండ్లకు హద్దు 48, బిగించినప్పుడు 24. 14 నిండినవారికి 61, బిగించినప్పుడు 32. పేరున్న కంపెనీల బండ్ల మీద ఏ వయసు నుంచి నడపవచ్చో చెప్పే చీటీ అంటించి ఉంటుంది. పాపకు పది కాబట్టి పన్నెండేళ్ళ చీటీ ఉన్న బండి కూడా వద్దన్నాను. చీటీయే లేని బండ్లు మన దగ్గర చాలా అమ్ముతారు. వాటిని అమ్మేవాడి నోటిమాట మీద కాక, ఎవరైనా పెద్దవాళ్ళు ఖాళీ స్థలంలో నడిపి చూశాకే నమ్మండి.

వయసు సరిపోయినంత మాత్రాన ఒళ్ళు సరిపోదు. అందుకే పాపను వెంట తీసుకువెళ్ళాలి. "సర్‌ప్రైజ్" అంటూ పుట్టినరోజుకు దాచిపెట్టి తెచ్చే వస్తువు కాదిది.

బావను ఒప్పించడానికి నేను చేసిన పని ఒకటే. తెలిసినవాళ్ళ తోటలో అలాంటి 200 బండే ఒకటి ఉంటే పాపను అక్కడికి తీసుకువెళ్ళి, ఇంజన్ ఆపి ఉంచి, దాని మీద కూర్చోబెట్టాను. ఈ బండ్లకు యాక్సిలరేటర్ మెలితిప్పేది కాదు, కుడి బొటనవేలితో నొక్కేది. హ్యాండిల్ నేరుగా ఉన్నంతసేపు బాగానే ఉంది. "పూర్తిగా ఎడమకు తిప్పమ్మా" అన్నాను. తిప్పింది. కుడిచేయి తాడులా సాగిపోయింది, భుజం ముందుకు వెళ్ళింది, బొటనవేలు యాక్సిలరేటర్ మీద నుంచి ఊడివచ్చింది. మళ్ళీ అందుకోబోతూ మొత్తం అరచేత్తో దాన్ని అదిమేసింది. ఇంజన్ నడుస్తూ ఉండి ఉంటే బండి మలుపు మధ్యలో ఒక్కసారి ముందుకు దూకేది. బావ ఏమీ మాట్లాడలేదు. ఫోను జేబులో పెట్టుకున్నాడు.

మీరు చూడాల్సినవి ఇవే. కూర్చున్నప్పుడు పాదాలు రెండూ ఫుట్‌రెస్టు మీద పూర్తిగా ఆనాలి, తొడలు దాదాపు నేలకు సమాంతరంగా ఉండాలి. ఫుట్‌రెస్టు మీద లేచి నిలబడితే సీటుకూ పిల్లకూ మధ్య మూడు నుంచి ఆరు అంగుళాల ఖాళీ ఉండాలి. అంతకంటే తక్కువైతే గతుకుల్లో సీటు కింది నుంచి తన్ని ఎగరేస్తుంది, మరీ ఎక్కువైతే బండే చిన్నదైపోయింది. హ్యాండిల్ ఎటు తిప్పినా మోచేతుల్లో కొంచెం వంపు మిగలాలి. బ్రేకు లివరు వేళ్ళ కొసలకు కాదు, మొదటి కణుపు దాటి అందాలి. నొక్కే బలం కూడా ఉండాలి. పాపల చేతులు చిన్నవి. లివరును దగ్గరికి జరుపుకునే వీలున్న బండి దొరికితే మంచిది.

నిలబడి చూడమనడానికి ఇంకో కారణం ఉంది. ఈ బండ్లలో చాలావాటికి వెనక రెండు చక్రాలూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి. మలుపులో లోపలి చక్రం తక్కువ దూరం తిరగాలి, బయటిది ఎక్కువ తిరగాలి. కానీ రెండూ కలిసే తిరుగుతాయి కాబట్టి ఏదో ఒకటి జారక తప్పదు. ఇసుకలో హాయిగా జారుతుంది. సిమెంటు రోడ్డు మీద జారదు, నేలను పట్టుకుంటుంది. అప్పుడు బండి తిరగనని మొరాయించి నేరుగా పోతుంది, లేదంటే ఒక పక్కకు లేస్తుంది. ఊళ్ళో సిమెంటు రోడ్డు మీద "ఇక్కడే ఒక రౌండు" అని పిల్లకు ఇచ్చేవాళ్ళకు ఇది తెలియదు. నేల ఏదైనా, మలుపులో నడిపేవాళ్ళు ఒంటి బరువును లోపలి వైపుకు జరపాలి, అందుకు సీటు మీద నుంచి లేవగలగాలి. 31 కిలోల పిల్ల తన బరువుకు అయిదింతలున్న బండి మీద ఎంత వాలినా దానికి తెలియదు. అది తిరగబడితే పైకెత్తుకోనూ లేదు.

ఇక బండిలో ఉండాల్సినవి. గేర్లూ క్లచ్చూ లేకుండా ముందుకు, న్యూట్రల్, వెనక్కు అంతే ఉన్నది చాలు. యాక్సిలరేటర్ డబ్బా పక్కన లాక్‌నట్టుతో చిన్న స్క్రూ ఉంటుంది. లోపలికి తిప్పినకొద్దీ పిల్ల ఎంత నొక్కినా అంతవరకే తెరుచుకుంటుంది. అది లేని బండి ముట్టుకోవద్దు. చేతికి తాడు కట్టి, ఆ తాడు ఊడితే ఇంజన్ ఆగిపోయే స్విచ్ కూడా తప్పనిసరి. రిమోట్ స్విచ్ ఉంటే మంచిదే గాని దాన్నే నమ్ముకుని టీ తాగుతూ కూర్చోకండి. దాని బ్యాటరీ ఎప్పుడు అయిపోతుందో ఎవరికీ తెలియదు.

పాదం పక్కన ఉండే గార్డు మాత్రం చాలామంది చూడనే చూడరు. ఫుట్‌రెస్టుకూ వెనక చక్రానికీ మధ్య పళ్ళెంలాగో వలలాగో అడ్డు ఉండాలి. ఒకసారి నా షెడ్డుకు వచ్చిన సెకండ్‌హ్యాండ్ బండికి ఆ గార్డు లేదు, "అడ్డంగా ఉందని తీసేశాం" అన్నారు. బండి తెచ్చిన పిల్లవాడి ఎడమ చీలమండకు కట్టు ఉంది. కాలు కింద పెట్టబోతే అతని చక్రమే అతని కాలెక్కింది. గార్డు ఉచితంగా వెల్డింగ్ చేసి పంపాను, చీవాట్లు కూడా ఉచితమే.

ఎలక్ట్రిక్ బండ్లు కూడా వస్తున్నాయి. సైలెన్సర్‌కు కాలు కాలే భయం లేదు, చప్పుడూ లేదు. కానీ నొక్కగానే మొత్తం బలం ఒక్కసారే వచ్చేస్తుంది. వేగాన్ని తాళంచెవితో తగ్గించే ఏర్పాటు ఉన్నదే చూడండి.

సెకండ్‌హ్యాండ్ అయితే వెనకభాగం కింద రాయో స్టాండో పెట్టి చక్రాలు లేపండి. ఇంజన్ స్టార్ట్ చేసి, ముందుకు వేసి, యాక్సిలరేటర్ వదిలేయండి. చక్రాలు తిరగకూడదు. తిరుగుతుంటే ఐడిల్ (యాక్సిలరేటర్ నొక్కనప్పుడు ఇంజన్ తిరిగే వేగం) ఎక్కువ పెట్టారో, లోపల దానంతటదే పనిచేసే క్లచ్ పట్టేస్తోందో అన్నమాట. బ్రేకు వదలగానే పిల్లను లాక్కుపోతుంది. తర్వాత హ్యాండిల్ పూర్తిగా ఎడమకు, పూర్తిగా కుడికి తిప్పి రెండు చోట్లా యాక్సిలరేటర్ నొక్కి వదలండి. టక్కున వెనక్కు రావాలి. ముందు చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే ఆడకూడదు. మన తీరంలో తిరిగిన బండి అయితే చొక్కా మాసినా సరే, కింద పడుకుని చట్రం అతుకులు చూడండి. ఉప్పుగాలి పైనున్న పెయింటును వదిలిపెట్టి అతుకుల దగ్గర తినడం మొదలుపెడుతుంది.

గాలి సంగతి. బండి వచ్చిన రెండో రోజే బావ పాలేరుతో దాన్ని ట్రాలీలో పంక్చర్ షాపుకు పంపాడు. అక్కడి కుర్రవాడు అలవాటుగా మోటారు సైకిల్ టైరుకు కొట్టినట్టు కొట్టాడు. సాయంత్రం నేను వెళ్ళేసరికి చక్రాలు గుమ్మడికాయల్లా ఉబ్బి ఉన్నాయి, బండి చిన్న గట్టు ఎక్కినా బంతిలా ఎగురుతోంది. ఈ టైర్లకు కావలసింది చాలా తక్కువ; పిల్లల బండ్లకు చాలావరకు 2 నుంచి 5 పీఎస్‌ఐ లోపే. సరిగ్గా ఎంత కొట్టాలో బండి మీది చీటీలో ఉంటుంది. మామూలు గేజు ముల్లు అక్కడ కదలనే కదలదు, తక్కువ గాలి కొలిచే గేజు విడిగా కొనుక్కోవాలి. సైకిలు పంపు చాలు, కంప్రెసర్ దగ్గరికి పోనే వద్దు.

ఎక్కడ నడపాలి? మైపాడులోనో, కొత్తపట్నంలోనో, మా తుమ్మలపెంటలోనో ఇసుక కనిపించగానే మనసు లాగుతుంది. కానీ మోటారు వాహనాల చట్టం ప్రకారం ప్రజలు తిరిగే హక్కున్న చోటల్లా బహిరంగ స్థలమే. అక్కడ 18 నిండనివారు వాహనం నడపకూడదు. 50 సీసీలోపు గేర్లులేని మోటారు సైకిలుకు మాత్రం 16. 2019 సవరణ తర్వాత పిల్లవాడు నడిపితే తండ్రికి మూడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. ఆ మాట వినగానే బావ బీచి ఊసు మానేశాడు. చెరువు గట్లు ఇంకా ప్రమాదం. ఇరుకు, రెండువైపులా వాలు, దిగితే నీళ్ళు, ఏరియేటర్ల తీగలు. చివరికి సరుగుడు నరికేసిన ఇసుకనేల అరెకరం, మొద్దులు పీకించి చదును చేశాడు. కోతలయ్యాక ఎండిన కయ్యలు కూడా పనికొస్తాయి గాని గట్ల మీద నుంచి దూకించనివ్వకండి.

బండి మీద ఒక్కరే. సెలవులకు వచ్చిన పెద్దమ్మ పిల్లలు, పిన్ని పిల్లలు ముగ్గురు నలుగురు ఎక్కుతామంటారు. వెనక మనిషి కూర్చుంటే ముందు చక్రాలు తేలిపోతాయి, ముందున్నవాళ్ళు ఒంటిని జరపలేరు.

హెల్మెట్ పిల్ల తలకు సరిపోయేదే, ఐఎస్‌ఐ గుర్తుతో. నాన్న హెల్మెట్‌లో గుడ్డ కుక్కడం వద్దు. ఇసుకకు కళ్ళద్దాలు, చేతులకు గ్లోవ్స్, చీలమండ దాకా బూట్లు, నిండు చేతుల చొక్కా, ప్యాంటు. మే నెల ఎండకు పాప మొదట గొణిగింది, పొద్దున్నే ఆరింటికి పెట్టుకుంటే సర్దుకుంది. మా పాపది నడుము దాటిన జడ. దాన్ని చొక్కా లోపలికి దోపుకోవడం, చున్నీ ఇంట్లో వదిలి రావడం మా చెల్లెలు పెట్టిన షరతు. చైను దగ్గర ఎగిరే బట్ట ఏం చేస్తుందో ఆమెకు కుట్టుమిషను దగ్గరే తెలుసు.

నడిపి వచ్చాక సైలెన్సర్ చల్లారనిచ్చి మంచినీళ్ళతో కడగండి, చైనుకు నూనె వేయండి.

మేం కొన్నది పదేళ్ళ చీటీ ఉన్న పాత 110. స్క్రూ బిగించి లాక్‌నట్టు వేసింది నేనే, ఆ స్పానర్ నా షెడ్డులోనే ఉంది. మొన్న బావ ఫోను చేసి, పాప బాగా నేర్చుకుంది, ఆ నట్టుకు ఎన్నో నంబరు స్పానర్ పడుతుందని అడిగాడు. ఎనిమిదో, పదో, గుర్తులేదన్నాను.