కార్డు బాకీ వాయిదాల్లో కడుతున్నప్పుడు క్రెడిట్ కార్డులను ఎలా చూసుకోవాలి?

నెల్లూరు, ఒంగోలు వైపు రెండు రూపాయల వడ్డీ అంటేనే మనవాళ్ళు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు. అదే కార్డు బాకీ మీద చాలా బ్యాంకులు నెలకు మూడున్నర రూపాయల దాకా వేస్తాయి, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ అదనం. అందుకే తక్కువ వడ్డీతో వాయిదాలు కట్టేలా బ్యాంకును ఒప్పించుకోవడం మంచిదే. తర్వాత కార్డుల విషయంలో చేసే పొరపాట్లే కొంప ముంచుతున్నాయి.

ముందు తాజా స్టేట్‌మెంట్లన్నీ తీసి, ఏ కార్డుకు ఎంత బాకీయో, గడువు ఎప్పుడో నోటుబుక్కులో రాసుకోండి. బిల్లులు కార్డు నుంచి వాటంతటవే కట్టేలా పెట్టిన ఆటోపేలన్నీ ఆపండి. యాప్‌లలో సేవ్ అయిన కార్డులు తీసేయండి. పెట్రోలుకని కూడా ఒక కార్డు ఉంచుకోవద్దు. పాత బాకీ ఉండగా ఏం కొన్నా కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది.

జీతం పడే అకౌంటు, కార్డు ఒకే బ్యాంకువైతే జీతాన్ని వేరే బ్యాంకుకు మార్పించుకోండి. వాయిదా తప్పితే అకౌంటులో డబ్బును బ్యాంకు బాకీ కింద పట్టుకోగలదు.

అసలు చిక్కు ఒప్పంద పత్రం దగ్గరే. "సార్, సాయంత్రంలోపు యాభై వేలు కట్టండి, క్లోజ్ చేయిస్తా" అని రికవరీ ఏజెంటు ఫోన్ చేస్తాడు. టెన్షన్‌లో కట్టేయకండి. అతను చెప్పేది వాయిదాల సంగతా, సెటిల్‌మెంటా అని గట్టిగా అడగండి. వాయిదాలైతే బాకీ మొత్తం తీరుతుంది. సెటిల్‌మెంటులో బ్యాంకు కొంత వదులుకుంటుంది, మీ అప్పుల చరిత్ర చూపే క్రెడిట్ రిపోర్టులో మాత్రం 'సెటిల్డ్' అని పడుతుంది. రేపు ఇంటి లోనుకో ట్రాక్టరు లోనుకో వెళ్తే అదే అడ్డం.

బ్యాంకు సొంత ఈమెయిల్ నుంచి పత్రం వచ్చేదాకా కొత్త ఒప్పందం కింద రూపాయి కూడా కట్టొద్దు. అందులో కార్డు చివరి నాలుగు అంకెలు, మొత్తం బాకీ, వడ్డీ, నెలవారీ వాయిదా, ఆఖరి వాయిదా తేదీ ఉండాలి. అడుగున 'ఇతర చార్జీలు వర్తిస్తాయి' అని ఉంటే, అవేంటో రాతపూర్వకంగా చెప్పించుకోండి. కావలిలో బట్టల కొట్టు నడిపే ఒకాయన ఏజెంటు చేతికి నగదు ఇచ్చి, బ్యాంకు ముద్ర కూడా లేని తెల్లకాగితం మీద సంతకం తీసుకున్నారు. మరుసటి నెల స్టేట్‌మెంటులో బాకీ పైసా తగ్గలేదు. డబ్బు కార్డు అకౌంటుకే నేరుగా వెళ్ళాలి. ఖాళీ చెక్కులు ఎవరికీ ఇవ్వొద్దు.

"కట్టడం ఆపేయండి, బ్యాంకుతో మేం మాట్లాడతాం" అనే మధ్యవర్తుల దగ్గరికి అసలు పోవద్దు. వాళ్ళ ఫీజు వాళ్ళకు ముడుతుంది, ఆలస్యపు చార్జీలు మీ నెత్తిన పడతాయి. బ్యాంకుతో మీరే మాట్లాడుకోవచ్చు. బంగారం తాకట్టు పెట్టి కార్డు బాకీ తీర్చడం వడ్డీలో చవకే. కార్డు జేబులోనే ఉంటే మాత్రం రెండు అప్పులవుతాయి.

రికవరీ ఫోన్లు ఉదయం 8 నుంచి సాయంత్రం 7 లోపే రావాలి. వేళ దాటి వస్తే బ్యాంకుకు ఈమెయిల్ పెట్టండి. 30 రోజుల్లో పరిష్కరించకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు చూసే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు.

ఆఖరి వాయిదా అయ్యాక బాకీ ఏమీ లేదని చెప్పే 'నో డ్యూస్' పత్రం తీసుకుని, కార్డు మూసేయమని రాసివ్వండి. బాకీ లేకపోతే 7 పనిదినాల్లో మూయాలి, ఆలస్యమైతే రోజుకు 500 రూపాయలు మీకు చెల్లించాలి. తర్వాత సిబిల్ సంస్థ ఇచ్చే మీ క్రెడిట్ రిపోర్టు తీయండి, ఏడాదికోసారి ఉచితమే. అందులో బాకీ ఇంకా కనిపిస్తే నో డ్యూస్ పత్రం జత చేసి ఫిర్యాదు పెట్టండి.