కన్ను కెమెరాలో ఉంటే కాలు కదపొద్దు: వియత్నాం వెళ్ళే ఫొటోగ్రాఫర్లకు జాగ్రత్తలు

ఈ జూన్‌లో మా ఫొటోగ్రఫీ గ్రూపులో ఒకాయన హనోయ్ నుంచి వచ్చి శంషాబాద్‌లో వీల్‌చైర్ మీద దిగాడు. తుంటి ఎముక విరిగింది. బైక్ అద్దెకు తీసుకుని పడ్డాడేమో అనుకున్నాం. కాదు, నిలబడి ఫొటో తీస్తూ పడ్డాడు.

పొద్దున్న ఆరున్నర. హనోయ్ పాతబస్తీలో ఒకావిడ సైకిల్ వెనక బుట్టనిండా తామర మొగ్గలు పెట్టుకుని, ఒక్కో కట్టనీ తామరాకులో చుడుతోంది. ఈయన చేతిలో జూమ్ లేని 35 ఎంఎం లెన్సు. సైకిల్ ముందు చక్రం ఫ్రేములో పట్టలేదు. కన్ను తియ్యకుండానే ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇంకా పట్టలేదు. ఇంకో అడుగు. ఆ రెండో అడుగు పేవ్‌మెంట్ దిగింది. సరిగ్గా అప్పుడే ఒక కాలేజీ అమ్మాయి ఎలక్ట్రిక్ స్కూటర్ మీద వస్తోంది, చప్పుడే లేదు. ఇద్దరూ పడ్డారు. ఆ అమ్మాయి మోచేయంతా గీరుకుపోయింది. ఆ చివరి ఫొటో నేను చూశాను. చక్రం అప్పటికీ సగమే పట్టింది.

ఇప్పుడు సెప్టెంబర్ వస్తోంది. ఉత్తర వియత్నాంలో ముకాంగ్‌చాయ్ కొండల మీద వరి పసుపెక్కే కాలం. హైదరాబాద్ నుంచి నేరుగా విమానాలు వచ్చాక మనవాళ్ళు గుంపులు గుంపులుగా బయల్దేరుతున్నారు. మా గ్రూపులోనే పదకొండు మంది టికెట్లు తీశారు. పాస్‌పోర్ట్ జిరాక్సు, రెయిన్ కవర్, స్పేర్ బ్యాటరీ సంగతులు నేను చెప్పను. అవి ఎవరైనా చెబుతారు. నేను ఐదుసార్లు వెళ్ళాను, ఐదుసార్లూ ఒకే తప్పు చూశాను. అందులో ఒకసారి ఆ తప్పు చేసింది నేనే.

కన్ను కెమెరాలో ఉన్నప్పుడు కాలు కదపొద్దు. కదలాలంటే కెమెరా దించండి, తల తిప్పి చూడండి, అప్పుడు అడుగు వెయ్యండి. మళ్ళీ ఆగాక కన్ను పెట్టండి.

చిన్నపిల్లాడికి చెప్పినట్టు ఉంది కదూ. కానీ మనకు నేర్పిందే తలకిందులుగా నేర్పారు. జూమ్ లేని లెన్సు, అంటే ప్రైమ్ లెన్సు కొనగానే ప్రతి గురువూ చెప్పే మాట, కాళ్ళనే జూమ్‌గా వాడుకోమని. స్టూడియోలో బాగానే ఉంటుంది. హనోయ్ వీధిలో ఆ జూమ్ మిమ్మల్ని ఆస్పత్రికి చేరుస్తుంది.

రోడ్డు మీద

వియత్నాంలో రోడ్డు దాటడం చూసి మొదటిరోజు అందరికీ గుండె జారుతుంది. వరద లాగా బైకులు, మధ్యలో ఒక ముసలావిడ కావడి భుజాన వేసుకుని నింపాదిగా నడుచుకుంటూ వెళ్ళిపోతుంది. ఆమెకు ఎవరూ బ్రేకు వెయ్యరు. ఆమె పక్కనుంచి తప్పుకుని పోతారు. అందులో కిటుకు ఒక్కటే: ఆవిడ నడక మారదు. అదే వేగం, అదే దిశ. మరో రెండు సెకన్లలో ఆవిడ ఎక్కడ ఉంటుందో బైకు నడిపేవాడికి ముందే తెలుస్తుంది, దాన్ని బట్టి హ్యాండిల్ తిప్పుతాడు.

ఫొటో తీసేవాడు ఏం చేస్తాడు? నిలబడి ఉన్నవాడు నిలబడినట్టే ఉండి, ఉన్నట్టుండి వెనక్కి ఒక అడుగు వేస్తాడు. ఆ అడుగు ఎవరి లెక్కలోనూ ఉండదు. అందుకే రోడ్డు మధ్యలో నడుస్తున్న ముసలావిడకు ఏమీ కాదు, పేవ్‌మెంట్ అంచున నిలబడ్డ మనవాడి తుంటి విరుగుతుంది.

ఇంకో చిక్కు మన అలవాటు. మనకు బండ్లు ఎడమవైపు నడుస్తాయి, రోడ్డు దిగేముందు తల కుడివైపు తిరుగుతుంది. అక్కడ కుడివైపు నడుస్తాయి, దగ్గరగా వచ్చే బండి ఎడమ నుంచి వస్తుంది. పైగా రాంగ్ రూట్‌లో వచ్చేవాళ్ళు, సిగ్నల్ పడితే పేవ్‌మెంట్ ఎక్కేసేవాళ్ళు ఉండనే ఉంటారు. రెండువైపులా చూడండి. తుంటి విరిగిన మా గ్రూపాయన కూడా చూసే దిగానంటాడు. ఏ వైపు చూశావయ్యా అంటే జవాబు లేదు.

వెనక గోడ ఉన్న చోటే నిలబడండి. గోడ లేకపోతే చెట్టు, లేదంటే ఆపి ఉన్న కారు. వీపు దేనికో ఒకదానికి ఆనుకుని ఉంటే వెనక్కి వెయ్యడానికి అడుగే ఉండదు. ఫ్రేములో పట్టకపోతే ఆ ఫొటో వదిలెయ్యండి, లేదా చక్రం లేకుండా తియ్యండి. నిజానికి ఆవిడ చేతులూ తామరాకూ చాలు కదా, సైకిల్ మొత్తం ఎందుకు?

రైలు వీధిలో

హనోయ్ రైలు వీధి గురించి చెప్పనక్కర్లేదు, మీరు టికెట్ తీసిందే సగం దానికోసం. ఇళ్ళ మధ్య నుంచి మీటర్ గేజి పట్టాలు, గుమ్మం దిగితే పట్టా. 2019 అక్టోబర్‌లో అక్కడి కాఫీ షాపులు మూయించారు, 2022 సెప్టెంబర్‌లో మళ్ళీ మూయించి అడ్డుకట్టలు పెట్టారు. ఏదో ఒక దారిన జనం వెళ్తూనే ఉన్నారు. అడ్డుకట్ట ఉంటే వెళ్ళకండి. తెరిచి ఉంటే, షాపు వాళ్ళు కూర్చోమన్న చోట కూర్చోండి.

ఇక్కడ కెమెరా ఇంకో మోసం చేస్తుంది. ఫోన్‌లో 0.5 పెట్టినా, 16 ఎంఎం వైడ్ లెన్సు పెట్టినా, రైలు ఉన్నదానికంటే చాలా దూరంగా, చిన్నగా కనిపిస్తుంది. స్క్రీన్ మీద అగ్గిపెట్టెంత ఉంది కదా, ఇంకో రెండు తీయొచ్చనుకుంటారు. కళ్ళెత్తి చూసేసరికి ఇంజను పక్కింటి గుమ్మం దగ్గర ఉంటుంది. పెట్టె పట్టాల కంటే పక్కలకు పొడుచుకుని ఉంటుందని మర్చిపోకండి. ట్రైపాడ్ కాలు, బ్యాగు పట్టీ, ముందుకు చాపిన మోచేయి, ఏది తగిలినా చాలు. స్క్రీన్‌లో దూరం కొలవకండి. రైలు కనబడే ముందే ఫ్రేము పెట్టుకుని, వీపు గోడకు ఆనించి, ఇక కదలకండి. నేను తప్పు చేసింది ఇక్కడే. ఒక షాపావిడ నా చొక్కా కాలర్ పట్టుకుని లోపలికి లాగింది. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది, సిగ్గు కూడా వేస్తుంది.

మెట్ల పొలాల్లో

ముకాంగ్‌చాయ్‌లో గట్టు వెడల్పు ఒక జానెడు, మహా అయితే మూరెడు. పైన గడ్డి, లోపల మెత్తని బురద. అవతలి మడి మనిషెత్తు కింద ఉంటుంది. అక్కడి హ్మోంగ్ తెగ ఆడవాళ్ళు వీపు మీద ధాన్యం మోసుకుంటూ దానిమీద గబగబా నడిచేస్తుంటే చూసి మనకూ ధైర్యం వస్తుంది. ఆ ధైర్యంతో కన్ను కెమెరాలో పెట్టి గట్టు మీద పక్కకు జరిగినవాళ్ళు ఎందరో జారారు. జారితే మీ కాలే కాదు, వాళ్ళ గట్టు కూడా పోతుంది. గట్టు తెగితే పైమడి నీరు నిలవదు, దాన్ని మళ్ళీ చేత్తో కట్టుకోవాలి. గోదావరి జిల్లాల నుంచి వెళ్ళేవాళ్ళకు ఇది నేను చెప్పాలా? మన చేలో ఎవడో టూరిస్టు గట్టు తొక్కితే ఊరుకుంటామా?

ఆ బంగారు రంగు కాలమే తుపాన్ల కాలం కూడా. 2024 సెప్టెంబర్ 7న యాగి తుపాను తీరం దాటింది. లావ్‌కాయ్ కొండల్లో లాంగ్‌ను అనే ఊరిని బురద వరద ముంచింది 10వ తేదీ పొద్దున్న, అంటే మూడో రోజు. ఆ ఒక్క ఊళ్ళోనే యాభై మందికి పైగా పోయారు. మధ్యలో 9న ఫూథో దగ్గర ఎర్ర నది మీద ఫాంగ్‌చౌ వంతెన కూలింది. వాన తగ్గింది కదా, మబ్బుల వెలుగు బాగుంటుందని బయల్దేరేది సరిగ్గా ఆ రెండో రోజో మూడో రోజో. నీళ్ళు తాగిన కొండ మట్టి అప్పటికి బరువెక్కి ఉంటుంది. హోమ్‌స్టే వాళ్ళు వెళ్ళొద్దంటే వెళ్ళకండి. వాళ్ళ మాటకు ఎదురు వాతావరణం యాప్ చూపించకండి.

మధ్య వియత్నాంకు వానలు అక్టోబర్, నవంబర్‌లో. 2025 అక్టోబర్ చివర హ్యూ, హోయ్‌ఆన్ మునిగాయి. మునిగిన వీధిలో లాంతరు నీడ తీద్దామని మోకాలి లోతులో దిగకండి. ఆ నీళ్ళలో కరెంటు ఉందో లేదో, కాలువ మూత ఉందో లేదో తెలియదు. పైగా కన్ను కెమెరాలో ఉంటుంది, కాలు కదులుతుంది. మళ్ళీ అదే తప్పు.

మనుషుల దగ్గర

ఇక్కడ తుంటి విరగదు, పరువు పోతుంది.

పొద్దున్నే అంగడి తెరిచినవాళ్ళను ఏమీ కొనకుండా ఫొటో తీయకండి. మన బోణీ లాంటిదే వాళ్ళకూ ఉంది, మో హాంగ్ అంటారు. మొదటి బేరం ఎలా ఉంటే రోజంతా అలా ఉంటుందని నమ్మకం. బేరమాడి కొనకుండా వెళ్ళిపోతే కాగితం ముక్క వెలిగించి దిష్టి తీసుకునేవాళ్ళూ ఉన్నారు. ఒక కప్పు టీ కొనండి, రెండు అరటిపళ్ళు కొనండి, ఆ తర్వాత కెమెరా చూపించి అడగండి.

అడగడం మనకు సులువే. వాళ్ళకూ మనలాగే పరాయివాళ్ళను వరసపెట్టి పిలిచే అలవాటు ఉంది. బామ్మ వయసు ఉంటే బా, అక్క వయసు ఉంటే చి, అన్న అయితే ఆన్. ఆ పిలుపు తర్వాత ఉత్తరాదిలో "చుప్ ఆన్ డుఅక్ ఖొమ్" అనండి, దక్షిణాన ఈ మాటలో ఆన్ బదులు హిన్ అనండి. ఫొటో తీయొచ్చా అని. ఉచ్చారణ తప్పినా నవ్వుతారు, ఆ నవ్వే మంచి ఫొటో. చెయ్యి అడ్డం ఊపితే వద్దని. అంతే, ఇంకోసారి అడగకండి. 2015 నాటి వాళ్ళ సివిల్ కోడ్ 32వ సెక్షన్ ప్రకారం మనిషి బొమ్మ మీద హక్కు ఆ మనిషిదే. అమ్ముకోవడానికి వాడితే వాళ్ళ అనుమతీ కావాలి, డబ్బూ ఇవ్వాలి.

ఇక మిగిలినవి గుర్తొచ్చినట్టు రాస్తున్నాను.

తలకు తెల్లగుడ్డ కట్టుకున్నవాళ్ళు, బూరలు, డప్పులు కనిపిస్తే అది జాతర కాదు, చావు. కెమెరా బ్యాగులో పెట్టండి.

ముగ్గుర్ని కలిపి నిలబెట్టి తీయకండి. ముగ్గురు ఒకే ఫొటోలో పడడం అశుభమని చాలామందికి పట్టింపు. నలుగురైనా ఇద్దరైనా పర్లేదు.

కావడి మీ భుజం మీద పెట్టి ఫొటో తీసుకోమంటే, పెట్టకముందే డబ్బుల మాట తేల్చుకోండి. పెట్టాక గొడవపడకండి.

అగరబత్తుల ఊరు క్వాంగ్‌ఫూకౌలో ఎర్ర కట్టల మధ్య తీయాలంటే డబ్బు అడుగుతారు. ఇవ్వండి. అది వాళ్ళ పనిచోటు, మీ సెట్టింగ్ కాదు.

హాజాంగ్ కొండదారుల్లో పూలబుట్టలు వీపున వేసుకుని పిల్లలు నిలబడి ఉంటారు. తీయకండి, డబ్బివ్వకండి. మీరిచ్చే నోటు కోసమే వాళ్ళు బడి మానేది.

మాపిలెంగ్ కనుమలో లోయ మీదికి పొడుచుకొచ్చిన రాతి మీదికి ఎక్కకండి. ఎక్కినవాళ్ళను తీయడానికి మీరు వెనక్కి నడవకండి. కారణం ఇంకోసారి చెప్పాలా?

చైనా సరిహద్దు, సైనికులు, చెక్‌పోస్టులు: తీయొద్దు. హోచిమిన్ సమాధి లోపల: తీయొద్దు.

డ్రోన్ ఇంట్లో పెట్టి వెళ్ళండి. అక్కడ దానికి రక్షణశాఖ అనుమతి కావాలి.

క్వాంగ్‌త్రీ వైపు పల్లెల్లో నడిచే దారి దాటి పొదల్లోకి పోకండి. యుద్ధం నాటి బాంబులు ఇంకా నేలలో ఉన్నాయి.

సైగాన్‌లో, అంటే హోచిమిన్ సిటీలో, పేవ్‌మెంట్ అంచున నిలబడి ఫోన్ చాపకండి. బైకు మీద వచ్చి లాక్కుపోతారు. లాగితే వదిలెయ్యండి. కెమెరా పట్టీ మణికట్టుకు చుట్టి ముడెయ్యకండి, బైకు కెమెరాతో పాటు మిమ్మల్నీ ఈడ్చుకుపోతుంది.

కాయ్‌రాంగ్ తేలే సంతలో పడవలో నిలబడకండి. కూర్చునే తీయండి. లైఫ్ జాకెట్ ఫొటోల్లో బాగుండదని విప్పకండి.

కుక్క కరిస్తే, గీరినా సరే, సబ్బుతో కడిగి అదే రోజు టీకా. ఇంటికెళ్ళాక చూద్దాంలే అనొద్దు.

బైకు నడుపుతారా? వియత్నాం గుర్తించేది 1968 వియన్నా ఒప్పందం కింద ఇచ్చిన ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్. మీ పర్మిట్ పుస్తకం మీద ఏ సంవత్సరం ఉందో చూడండి. 1949 అని ఉంటే వెనక సీటులో కూర్చోండి, ఇన్సూరెన్సు వాళ్ళు ముందు అడిగేది అదే.

2025 జులై నుంచి రాష్ట్రాలు కలిపేశారు. ముకాంగ్‌చాయ్ ఇప్పుడు లావ్‌కాయ్‌లో, హోయ్‌ఆన్ డానాంగ్‌లో. పాత అడ్రస్ చూపిస్తే టాక్సీ వాడు తికమక పడతాడు.

పోలీసు 113. అంబులెన్స్ 115. ఫోన్‌లో ఉంటే చాలదు, అది పోతుంది. కాగితం మీద రాసి జేబులో పెట్టండి.

ఇద్దరుగా తిరగండి. ఒకరు తీస్తుంటే రెండోవాళ్ళు రోడ్డు చూడండి. రెండోవాళ్ళు కూడా కెమెరా తీశారంటే ఇద్దరుగా వెళ్ళి లాభం లేదు.

తుంటి విరిగిన మా గ్రూపాయన డిసెంబర్‌లో మళ్ళీ వెళ్తాడట. 35 లెన్సు అమ్మేసి 24-70 జూమ్ కొన్నానని మొన్న ఫోన్ చేసి చెప్పాడు, ఇక వెనక్కి నడిచే పనే లేదంటాడు. ముందు వాకర్ వదలండి, తర్వాత మాట్లాడదాం అన్నాను.